అయిదో శీలం ఎవరికి చెబుతున్నాం?

వైశాఖ పూర్ణిమ దగ్గరపడిందంటే మన సంఘాల కరపత్రాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఉదయం బుద్ధ వందన, పంచశీల స్వీకరణ. మధ్యాహ్నం ఆసుపత్రిలోనో వ్యసన విముక్తి కేంద్రంలోనో పళ్ళు, బిస్కెట్ల పంపిణీ. సాయంత్రం సభ, వందన సమర్పణ. కలకత్తాలో ఉంటున్న మేము కొద్దిమంది తెలుగు ఉపాసకులం కూడా కిందటేడు అలాంటి కరపత్రమే వేసుకున్నాం. దాని ప్రకారమే మెటియాబ్రుజ్‌లోని ఒక కేంద్రానికి వెళ్ళివచ్చాం. ఆ సందర్శన ఎంత బాగా జరిగిందో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అలాంటి సందర్శనలు మనం మానేయాలని, వాటి బదులు చేయవలసిన పని వేరే ఉందని చెప్పడానికే రాస్తున్నాం. ఇందులోని నింద ముందుగా మా మీదే పడుతుంది.

మెటియాబ్రుజ్ చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. హుగ్లీ తూర్పు ఒడ్డున, ఖిదిర్‌పూర్ రేవుకి దిగువన, గార్డెన్ రీచ్‌ని ఆనుకుని ఉంటుంది ఈ పేట. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో ఇక్కడికి చేరి, 1887లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడిది దర్జీల పేట. ఒస్తాగర్లు అనే కుట్టుపని మేస్త్రీల కింద వేలాదిమంది కుర్రవాళ్ళు సందుల్లోని చిన్న చిన్న గదుల్లో మిషన్ల ముందు కూర్చుని, దేశమంతా తొడుక్కునే చవక బట్టలు కుడతారు. కూలి ముక్కల లెక్కన. పక్కనే గార్డెన్ రీచ్‌లో పాత బి.ఎన్.ఆర్. ప్రధాన కార్యాలయం ఉంది. ఇప్పుడది ఆగ్నేయ రైల్వేది. ఆ రైలు దారినే శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ మాట్లాడుతారు. తెలుగు రాయడం చాలామందికి రాదు.

మేము వెళ్ళిన కేంద్రంలో ఇరవైమంది దాకా ఉన్నారు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపువాళ్ళే ఎక్కువ. కొందరిని ఇంట్లోవాళ్ళు తెచ్చి చేర్చారు. కొందరి మీద కేసులున్నాయి: జేబులో బ్రౌన్ షుగర్ పొట్లంతో దొరికినవాడు, పొట్లం డబ్బుల కోసం ఫోను లాక్కుని పరిగెత్తినవాడు, ఎవరో ఇచ్చిన సంచీ ఇంకెవరికో చేరవేస్తూ పట్టుబడినవాడు. బ్రౌన్ షుగర్‌ని ఈ ఊళ్ళో ‘పాతా’ అంటారు. అది తాగేవాడు ‘పాతాఖోర్’. ఆ పేరు ఒకసారి పడితే వీధిలో అతని సొంత పేరు ఎవరికీ గుర్తుండదు.

మేము అక్కడ ఉన్నది నలభై నిమిషాలు. ఒకరు వందన చదివారు. ఒకరు మత్తు వల్ల వచ్చే అనర్థాల గురించి ఉపన్యసించారు. ఆ అనర్థాలు అనుభవించినవాళ్ళు నేల మీద కూర్చుని విన్నారు; ఎప్పుడూ అనుభవించనివాళ్ళం కుర్చీల్లో కూర్చుని చెప్పాం. తరువాత వాళ్ళందరినీ నిలబెట్టి అయిదో శీలం చెప్పించాం. ఒక్కొక్కరికి రెండు ఆపిల్ పళ్ళు, ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి ఫోటో దిగాం. ఆ ఫోటో మా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, సాధు సాధు అని యాభైమంది రాశారు.

వెళ్ళేటప్పుడు ఒక కుర్రవాడు గేటు దాకా వచ్చి తెలుగులో పలకరించాడు. వాళ్ళ తాత పలాస వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడట. ఇతను పద్నాలుగో ఏట కుట్టుగదిలో దారాలు కత్తిరించే పనికి చేరి, తరువాత మిషన్ ఎక్కాడు. ఈద్‌కీ పూజలకీ ముందు రాత్రింబవళ్ళు పని ఉంటుంది. నడుంనొప్పి తెలియదని పక్క మిషన్ మీది స్నేహితుడు ఇస్తే మొదలుపెట్టాడు. అప్పుడతను అన్న మాట ఇది: “అంకుల్, మాచేత ఒట్టేయించారు, బాగానే ఉంది. నన్ను వచ్చే నెల్లో వదిలేస్తారు. ఆ రోజు మీరెవరైనా వస్తారా? మా ఈది మొగలోనే అమ్ముతారు. ఇంటికెళ్ళడానికి ఇంకో దారి లేదు.”

“తప్పకుండా వస్తాం బాబూ” అన్నాం. ఏ తేదీనో అడగలేదు. అతని ఫోన్ నంబరు తీసుకోలేదు, మాది ఇవ్వలేదు. ఆశ్వయుజ పూర్ణిమకి మళ్ళీ పళ్ళతో వెళ్ళినప్పుడు అతని గురించి అడిగాం. బయటికి వెళ్ళిన తొమ్మిదో రోజున చనిపోయాడని చెప్పారు. సూది గుచ్చుకుని, ఒక గోడ పక్కన. వాళ్ళ నానమ్మని చూడబోయాం. ఆమె మమ్మల్ని తిట్టలేదు. “మీరు వస్తారని చెప్పాడు బాబూ” అంది, అంతే.

అతని చావుకి మేమే కారణం అని చెప్పి పుణ్యం మూటగట్టుకోవాలని కాదు. మేము వెళ్ళి ఉంటే అతను బతికేవాడని కూడా చెప్పలేం. కానీ మనం తెలుసుకోకుండా వదిలేసిన విషయం ఒకటి ఉంది, అది మన పాఠకులందరికీ తెలియాలి. హెరాయిన్ వాడేవాడి శరీరం రోజులు గడిచేకొద్దీ ఆ మోతాదుకి అలవాటు పడుతుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ అలవాటు పోతుంది. మనసులో కోరిక మాత్రం పోదు. బయటికి వచ్చినవాడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. జైలు నుంచి గానీ చికిత్సా కేంద్రం నుంచి గానీ బయటికి వచ్చిన మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవని ఈ రంగంలో పనిచేసే వైద్యులందరికీ తెలుసు. అంటే గోడల లోపల మనం పళ్ళు పంచే రోజులు అతనికి సాపేక్షంగా క్షేమంగా ఉన్న రోజులు. అతనికి మనిషి తోడు కావలసింది గేటు దాటిన తరువాత. సరిగ్గా అక్కడే మన సందర్శన ఆగిపోతుంది.

మనం చెప్పించే అయిదో శీలం ఎలా పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. వినయ పిటకంలో, పాచిత్తియ నియమాలలో, మద్యపానాన్ని నిషేధించే నియమానికి ఒక నిదాన కథ ఉంది. సాగతుడనే భిక్షువు తన తేజోబలంతో ఒక భయంకరమైన నాగుణ్ణి లొంగదీశాడు. కౌశాంబి ప్రజలు ఆనందంతో ఆయనకి ఏదైనా సమర్పించాలనుకున్నారు. మంచి మద్యం ఇవ్వమని కొందరు భిక్షువులే సలహా ఇచ్చారు. ఇంటింటా పోశారు, ఇంటింటా తాగాడు. చివరికి నగర ద్వారం దగ్గర పడిపోయాడు. భిక్షువులతో కలిసి వెళుతున్న బుద్ధుడు చూశాడు. అతన్ని ఎత్తుకురమ్మన్నాడు. ఆరామానికి మోసుకెళ్ళి, తల బుద్ధుని వైపు ఉండేలా పడుకోబెట్టారు. మత్తులో అతను దొర్లి కాళ్ళు బుద్ధుని వైపు పెట్టాడు. ఇంతకుముందు ఇతను ఎంత వినయంగా ఉండేవాడు, నాగుణ్ణి లొంగదీసినవాడు ఇప్పుడు ఒక నీటిపామునైనా ఎదుర్కోగలడా అని బుద్ధుడు భిక్షువులనే అడిగాడు. నియమం ఆ తరువాత వచ్చింది.

ఈ కథలో వరస చూడండి. ముందు మోసుకురావడం. తరువాత తమ మధ్యలో పడుకోబెట్టుకోవడం. ఆ తరువాతే నియమం. ఆ నియమం కూడా పడిపోయినవాడికి ఒక్కడికే చెప్పలేదు, సంఘమంతటికీ చెప్పాడు. మద్యం పోసిన చేతులు భక్తుల చేతులే, సలహా ఇచ్చిన నోళ్ళు తోటి భిక్షువుల నోళ్ళే అన్న సంగతి కూడా వినయం దాచలేదు. సాగతుణ్ణి సంఘం నుంచి వెళ్ళగొట్టలేదు. తేజోధాతువులో ఆరితేరినవారిలో అగ్రుడిగా అంగుత్తర నికాయం అతని పేరునే చెబుతుంది. మనమేమో ఆ వరసని తలకిందులు చేశాం. ముందు నియమం చెబుతాం, తరువాత ఫోటో దిగుతాం, మోసే పని ఎవరికో వదిలేస్తాం.

ఇలా అంటే మన మధ్య నుంచే కొన్ని జవాబులు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: అది వాళ్ళ పూర్వకర్మ, మనమేం చేయగలం? ఈ మాట బౌద్ధ విహారంలో వినిపించడమే సిగ్గుచేటు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమే అనే వాదాన్ని బుద్ధుడు అంగుత్తర నికాయంలో పేరుపెట్టి ఖండించాడు. ఆ వాదం పట్టుకున్నవాడికి ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే పట్టుదలే మిగలదని కారణం కూడా చెప్పాడు. సంయుత్త నికాయంలో శీవకుడనే పరివ్రాజకుడికి జవాబిస్తూ, వేదనలు పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఋతువు మార్పు వల్ల, దెబ్బల వల్ల కూడా కలుగుతాయని లెక్కపెట్టి, కర్మని ఆ కారణాల్లో ఒకటిగా మాత్రమే ఉంచాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పదహారు గంటలు మిషన్ ముందు కూర్చోబెట్టింది పూర్వజన్మ కాదు, ఒక ఒస్తాగర్. ఆ ఒస్తాగర్ని తొందరపెట్టింది హాట్‌లో టోకు బేరగాడు. ఆ బేరగాణ్ణి నడిపించింది చవక చొక్కా కొనే మనం. పటిచ్చసముప్పాదం చదివినవాళ్ళం ఈ గొలుసు చూడలేమా?

రెండోది: వాళ్ళు నేరస్థులు, చట్టం చూసుకుంటుంది. చట్టమే మనకన్నా దయగా ఉందని చెప్పక తప్పడం లేదు. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. వాడినందుకు 27వ సెక్షన్ కింద శిక్ష ఉంది, హెరాయిన్ అయితే ఏడాది దాకా. కానీ అదే చట్టంలో 64ఎ సెక్షన్ కూడా ఉంది. వాడిన నేరం గానీ, కొద్ది పరిమాణంతో దొరికిన నేరం గానీ మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకి చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స పూర్తిగా తీసుకోకపోతే ఆ రక్షణ తీసేయవచ్చు. శిక్ష వేయడానికి బదులు చికిత్సకి పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకి ఇస్తుంది. ఇక పిల్లలకి మత్తుపదార్థం ఇచ్చినవాడికీ, వాళ్ళచేత అమ్మించినవాడికీ 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం విధిస్తుంది. మేము మాట్లాడిన కుర్రవాళ్ళలో ఒక్కడికీ 64ఎ గురించి తెలియదు. వాళ్ళకి చెప్పవలసిన సూత్రాలలో అది కూడా ఒకటి అని మాకూ తోచలేదు.

మూడోది మన లోపలి మూఢత్వం: మందులు వాడటం కూడా మత్తే, ఒక మత్తు మానడానికి ఇంకో మత్తు ఎందుకు, ధ్యానం చాలదా? మా ఉపన్యాసకుడే ఆ రోజు దాదాపు ఈ మాట అన్నాడు. హెరాయిన్ ఆపిన మొదటి రోజుల్లో ఒళ్ళంతా నొప్పులు, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు, నిద్రలేని రాత్రులు. ఆ స్థితిలో డాక్టరు బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెడతాడు. కొందరికి అది నెలల తరబడి, ఏళ్ళ తరబడి అవసరమవుతుంది. దానివల్ల వాళ్ళు పొట్లం వెంటా సూది వెంటా తిరగడం మానుకుని పనికి వెళ్ళగలుగుతారు. అది చికిత్స. ‘మహావగ్గం’లో పిలిందవచ్ఛ థేరుడికి వాతరోగం వస్తే, మద్యం కలిపి కాచిన తైలాన్ని బుద్ధుడు అనుమతించాడు. కొందరు భిక్షువులు మద్యం ఎక్కువ కలుపుకుని తాగి మత్తెక్కినప్పుడు, రంగు, వాసన, రుచి తెలియనంత మాత్రమే కలపాలని హద్దు పెట్టాడు. అనుమతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు. అయిదో శీలం పూర్తి పేరులోనే ప్రమాదస్థానం అనే మాట ఉంది. ఏమరుపాటుకి కారణమయ్యేదాన్ని అది వద్దంటుంది, ఏమరుపాటు నుంచి బయటపడేసే ఔషధాన్ని కాదు. రోగి చేతిలోని మాత్ర పారేయమని చెప్పే ఉపాసకుడు శీలం కాపాడటం లేదు, ప్రాణం తీస్తున్నాడు.

నాలుగోది ఎవరూ బహిరంగంగా అనరు, గుసగుసగా అంటారు: అక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు, మనవాళ్ళు కారు. బుద్ధుడూ ఆనందుడూ ఆరామాల్లో తిరుగుతూ విరేచనాలతో తన మలంలో తానే పడి ఉన్న భిక్షువుని చూసిన కథ మనకందరికీ తెలుసు. నిన్నెవరూ చూసుకోవడం లేదా అని అడిగితే, నా వల్ల వాళ్ళకి ఏ ఉపయోగమూ లేదు కనుక చూడరని అతను జవాబిచ్చాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఉపయోగం లెక్క చూసుకుని సేవ చేసేవాళ్ళని సిగ్గుపరచిన కథ అది. మెటియాబ్రుజ్ కుర్రవాడు మన మతంలోకి వస్తాడని వెళ్ళనక్కరలేదు. అతని మతం కూడా మత్తుని హరామ్ అంటుంది. అతని ఇంటి పక్క ఇమాం సాహెబ్‌తో కలిసి పనిచేయడానికి మనకేం అడ్డం?

ఇప్పుడు అందరికన్నా మనల్ని ఇరుకున పెట్టే ప్రశ్న. అయిదో శీలం వాడేవాడి చేతనే ఎందుకు చెప్పిస్తున్నాం? ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాలని అంగుత్తర నికాయం చెబుతుంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థం, విషం. కొనేవాడికి శీలం ఉన్నట్టే అమ్మేవాడికి వ్యాపార నిషేధం ఉంది. మొదటిది ప్రతి పున్నమికీ చెప్పిస్తాం. రెండోది ఎన్ని సభల్లో చెప్పాం? మద్యం దుకాణాల వేలంలో డబ్బు చేసినవాళ్ళ చందాతో పందిళ్ళు వేసుకుని, ఆ పందిట్లో నిలబడి కూలివాడి చేత మద్యం మానేస్తానని ఒట్టు వేయించిన సభలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మేము చూశాం. చందా రాసినవాడు మొదటి వరసలో కుర్చీ మీద ఉంటాడు, ఒట్టు వేసేవాడు చివరి వరసలో నిలబడి ఉంటాడు.

ఈ కలకత్తాకి ఆ లెక్క పాతదే. ఈస్టిండియా కంపెనీ పాట్నా, ఘాజీపూర్ కర్మాగారాల్లో తయారైన నల్లమందు పెట్టెలని ఈ నగరంలోనే వేలం వేసేది. కొన్న వర్తకుల ఓడలు మెటియాబ్రుజ్ ఒడ్డు పక్క నుంచే సముద్రంలోకి దిగి చైనాకి వెళ్ళేవి. 1839లో చైనా అధికారి లిన్ జెక్షు ఆ సరుకుని పట్టుకుని నాశనం చేయిస్తే, బ్రిటిష్‌వాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. వేలంపాట పాడినవాళ్ళు పెద్దమనుషులయ్యారు. తాగినవాళ్ళకి మాత్రం నల్లమందు భాయీలని పేరు మిగిలింది. ఇవాళ్టి పాతాఖోర్ ఆ పేరుకి వారసుడు.

తెలుగునాట చూద్దామా? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. అదే అనకాపల్లి పక్కన, శంకరంలో, బొజ్జన్నకొండ ఉంది. మన పూర్వీకులైన బౌద్ధులు రాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు అక్కడున్నాయి. ఏటా యాత్రకి వెళతాం, మెట్ల మీద నిలబడి ఫోటోలు దిగుతాం. తగలబెట్టిన గంజాయి మన్యం నుంచి దిగింది. కావడి మోసినట్టు దాన్ని మోసి పట్టుబడి, ఇరవై కిలోలు దాటిందంటే బెయిలు కూడా కష్టమయ్యే కేసుల్లో చిక్కుకున్నవాళ్ళలో గిరిజన కుర్రవాళ్ళు ఎందరో. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం లారీ వెనక ఎక్కడో ఉంటాడు. బొజ్జన్నకొండ ఎక్కే మనలో ఎంతమందిమి ఆ కుర్రవాళ్ళని చూడటానికి జైలుకి వెళ్ళాం?

ఈ మాటలు కొత్తవి కావు. 1950లో అంబేడ్కర్ ఈ కలకత్తా నుంచే వెలువడే ‘మహాబోధి’ పత్రికలో బౌద్ధం భవిష్యత్తు గురించి వ్యాసం రాశారు. భిక్షు సంఘంలో చదువూ లేదు, సేవా లేదు, సేవ అనగానే జనానికి ఇతర మత సంస్థలు గుర్తొస్తున్నాయి గానీ బౌద్ధ సంఘం గుర్తుకు రావడం లేదు అన్నది ఆయన విమర్శ సారం. ఆయన తిట్టింది భిక్షువులని అని మనం ఊరుకోవడానికి లేదు. దేశంలో ఇప్పుడు విహారాలు నడిపేది చాలా చోట్ల మన ఉపాసక సంఘాలే. ఆ విమర్శకి జవాబు చెప్పవలసింది కూడా మనమే.

బౌద్ధులకి ఈ పని చేతకాదనేవాళ్ళు థాయిలాండ్ వైపు చూడవచ్చు. సరబురి రాష్ట్రంలోని థామ్ క్రబొక్ విహారంలో 1959 నుంచి మత్తుకి అలవాటుపడ్డవాళ్ళని చేర్చుకుంటున్నారు. అక్కడి భిక్షువు ఫ్రా చమ్రూన్‌కి 1975లో మెగసెసే అవార్డు వచ్చింది. వాంతులు చేయించే అక్కడి మూలికల వైద్యాన్ని ఎవరూ అనుకరించమని చెప్పడం లేదు. చికిత్స డాక్టర్ల పని. మనం గమనించవలసింది ఒక్కటే. అక్కడ కూడా ప్రతిజ్ఞ చేయిస్తారు. కానీ చేయించినవాళ్ళు, చేసినవాళ్ళు ఒకే ప్రాంగణంలో ఉంటారు. వాళ్ళలో కొందరు భిక్షువులు ఒకప్పుడు తామే ఆ ప్రతిజ్ఞ చేసినవాళ్ళు. మన ప్రతిజ్ఞ చేయించినవాడు మాత్రం సాయంత్రం సభకి ఆలస్యమవుతుందని టాక్సీ ఎక్కుతాడు.

మరి ఏం చేయాలి? మేము ఇప్పుడు చేస్తున్నది చాలా చిన్న పని. అయినా చెబుతాం, ఎవరైనా ఇంతకన్నా బాగా చేస్తారని.

గుంపుగా వెళ్ళడం మానేశాం. ఇద్దరమే వెళతాం, ఎప్పుడూ ఆ ఇద్దరమే, ప్రతి ఆదివారం. కేంద్రం నడిపేవారి అనుమతితో, అక్కడి కౌన్సెలర్ చెప్పిన పద్ధతిలో. ఫోటోలు లేవు. ఉపన్యాసం లేదు. ఎవరైనా అడిగితే ఊపిరి మీద ధ్యాస నిలపడం పక్కన కూర్చుని నేర్పుతాం; అడగకపోతే క్యారమ్స్ ఆడతాం, ఇంటికి ఉత్తరం రాసిపెడతాం, లేదా ఊరికే కూర్చుంటాం. మొదటి నాలుగు వారాలు ఎవరూ మాతో సరిగా మాట్లాడలేదు. అయిదో వారం ఒకడు, మీరు మళ్ళీ వచ్చారేంటి అన్నాడు.

హాలు ఒక్కటే చూసి రావడం లేదు. పడకలు, వంటగది, తాళాలు వేసిన తలుపులు కూడా చూస్తాం. మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే కేంద్రాలు దేశంలో ఉన్నాయి. అలాంటి చోట పళ్ళు పంచి ప్రశంసాపత్రం ఇచ్చి వచ్చేవాళ్ళు ఆ దెబ్బల్లో భాగస్వాములే.

బయటికి వెళ్ళే తేదీ ముందుగా రాసుకుంటాం. ఆ రోజు గేటు దగ్గర ఉంటాం. ఇంటిదాకా నడుస్తాం. వీధి మొగ దాటేదాకా భుజం మీద చెయ్యి వేసి నడుస్తాం. అక్కడ నిలబడినవాళ్ళు మమ్మల్ని చూస్తారు, అదే కావలసింది. తరువాత నలభై రోజులు రోజూ ఒకసారి ఫోను. మళ్ళీ వాడాడని తెలిస్తే తిట్టం, అయిదో శీలం గుర్తు చెయ్యం. ఒంటరిగా ఉండొద్దని, పాత మోతాదు ప్రాణం తీస్తుందని, డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళదామని మాత్రం చెబుతాం. ఇంట్లోవాళ్ళకి ఊపిరి మందగించినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టడం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తడం నేర్పించాం. 14446 అనే ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసి గోడకి అంటించి వస్తాం.

పని వెతకడంలో తోడు వెళతాం. ఇది అన్నిటికన్నా కష్టం. అతనికి తెలిసింది కుట్టుపని. ఆ గదికే తిరిగి పంపితే నడుంనొప్పి, పక్క మిషన్ మీది స్నేహితుడు, ఆ పొట్లం అన్నీ అక్కడే ఉంటాయి. రాత్రిపని లేని దుకాణం ఒక్కటి వెతకడానికి మాకు రెండు నెలలు పట్టింది. వ్యాపారం చేసే మన ఉపాసకులు ఈ వ్యాసం చదువుతున్నట్టయితే, విహారానికి చందా బదులు ఒక కుర్రవాడికి పగటిపని ఇవ్వండి. మత్తు అమ్మిన డబ్బు చందాగా వస్తే వద్దని చెప్పే తీర్మానం మీ సంఘంలో పెట్టండి. మేము మా చిన్న సంఘంలో పెట్టాం. ఇద్దరు దాతలు పోయారు. పందిరి కొంచెం చిన్నదైంది.

ఇలా చేసినా అందరూ బాగుపడటం లేదు. ఈ ఆర్నెల్లలో మేము గేటు దగ్గర కలుసుకున్నవాళ్ళు ఆరుగురు. ఇద్దరు మళ్ళీ వాడుతున్నారు. ఒకడు ఎక్కడున్నాడో తెలియదు. ముగ్గురు పనికి వెళుతున్నారు. మళ్ళీ వాడుతున్న ఇద్దరిలో ఒకడు మా ఫోను ఎత్తుతాడు. ఎత్తినంతకాలం అతను బతికే ఉన్నాడని మాకు తెలుస్తుంది.

ఈ ఏడు వైశాఖ పూర్ణిమ కరపత్రంలో కేంద్రంలో పళ్ళ పంపిణీ అనే మాట తీసేశాం. దాని బదులు, గేటు దగ్గర నిలబడటానికి ఇద్దరు కావాలి, ఏడాదిపాటు మానకుండా రాగలవారే పేరు ఇవ్వండి అని రాశాం. ఇప్పటిదాకా ఒక్క పేరు వచ్చింది. పలాస కుర్రవాడి నానమ్మది. వీధి మొగలో కూర్చోవడానికి తనకి ఇంకేం పని ఉందని ఆమె అడిగింది.

ఇంకొక పేరు కావాలి.